వెనక్కి పోతూ పట్టాలు చీల్చిన సైన్యాలు – రైలును నిజంగా ఆపేది ఏది?

కడిపికొండ · శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. మొన్న ఒక పాత ఫొటో చూసిన. అప్పటి నుంచి మనసుల అదే తిరుగుతున్నది. రెండో ప్రపంచ యుద్ధంల జర్మన్ సైన్యం రష్యా నుంచి వెనక్కి మర్లేటప్పటిది. ఇంజన్ వెనక ఒక వ్యాగన్, దానికి పెద్ద ఇనుప కొక్కెం. మన నాగలి కర్రు తీరుగ పట్టాల నడుమ భూమిలకు దిగి ఉన్నది. ఇంజన్ మెల్లగ గుంజుతుంటే ఆ కొక్కెం పట్టాల కింద అడ్డంగ పరిచే కట్టె స్లీపర్లను ఒక్కొక్కటిగ నడుమకు విరుచుకుంట పోతున్నది. వెనక మిగిలింది చూస్తే పుల్లల కుప్ప, దాని మీద వంకరపోయిన పట్టాలు. దాన్ని స్లీపర్ నాగలి అంటరట, పట్టాల తోడేలు అని కూడా అంటరట. 1943, 44లల రష్యాల, ఇటలీల వాడిన్రు.

మా బాపు కాజీపేటల గ్యాంగ్‌మేట్‌గ, అంటే పట్టాల పని చేసే గ్యాంగుకు పెద్దగ, రిటైర్ అయిండు. ఫోన్ల ఫొటో చూపెట్టిన. కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ల చూసిండు. "ఒక్కో స్లీపర్ కింద కంకర కొట్టీ కొట్టీ చేతులు కాయలు కాసినయి బిడ్డా, వీళ్లు గిట్ల చీరుకుంట పోయిన్రా" అన్నడు. కొద్దిసేపు ఆగి, "అయినా ఇది పెద్ద దెబ్బ కాదు. మంది ఉండాలె, సామాను ఉండాలె, లైను నిలబెట్టొచ్చు" అన్నడు.

అంత యంత్రం తయారు చేసి, అంత దూరం చీరితే అది పెద్ద దెబ్బ ఎందుకు కాదు? మరి ఏది పెద్ద దెబ్బ? రైల్వేల పనిచేసినోళ్లు, చరిత్ర సదివినోళ్లు చెప్పున్రి.

---

పట్టాల_పెద్దాయన · శనివారం రాత్రి 9:48

తమ్మీ, మీ బాపు చెప్పింది అక్షరాల నిజం. నేను పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల పని చూసే ఇన్‌స్పెక్టర్‌గా, రిటైర్ అయిన మనిషిని, నాకు తెలిసినంత చెప్తా.

లైను అంటే నాలుగు పొరలు. అడుగున మట్టికట్ట, దాని మీద కంకర, దాని మీద స్లీపర్లు, ఆపైన పట్టాలు. ఆ నాగలి పాడు చేసేది స్లీపర్లను మాత్రమే. కట్ట అట్లనే ఉంటది. కంకర చెదురుతది గాని ఎటూ పోదు. పట్టాలు వంగుతయి, కాని చాలావరకు సరిచేసుకోవచ్చు. అందుకే వాళ్లు నాగలితోని ఊకోలేదు, పట్టాలకు వేరేగ పేలుడు మందు కూడా పెట్టిన్రు.

కాని పూర్తిగ తీసిపారేసే పని కూడా కాదది. లెక్క చూడు. మన దగ్గర కిలోమీటరుకు 1,660 స్లీపర్లు వేస్తం. యాభై కిలోమీటర్లు చీరితే 83,000. అన్ని కట్టెలకు చెట్లు కొట్టాలె, దుంగలు కోయాలె, పని జాగకు చేర్చాలె. దేని మీద చేరుస్తవ్? రైలు మీదనే. ఆ రైలు నడవాల్సిన లైనే చీరి ఉన్నది. అంటే పని ఒక్క కొస నుంచే మొదలు పెట్టాలె. ఒక ముక్క వేసి, దాని మీదికి సామాను బండిని తెచ్చి, ముంగటి ముక్క వేసుకుంట పోవాలె. పదివేల మంది ఉన్నా కొస కాడ నిలబడి చేసేది కొందరే. వెనక్కి పోయే సైన్యం కొనుక్కునేది ఆ ఆలస్యాన్నే. వాళ్లకు పది రోజులు దొరికితే చాలు, నది అవతల మోర్చాలు తవ్వుకుంటరు.

ఇగ యార్డుల పాయింట్లు, క్రాసింగులు, అంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే జాగలు, వేరే సంగతి. మామూలు పట్టా ఎక్కడి నుంచైనా పీకి తెచ్చి వేయొచ్చు. క్రాసింగ్ అట్ల కాదు, కొలతకు పోత పోసి, చెక్కి చేసే వస్తువు. అది విరిగితే గ్యాంగు చేసేది ఏముండదు, కార్ఖానా నుంచి రావాల్సిందే. పాయింట్లు లేని స్టేషన్ల రెండు బండ్లు ఒకదాన్నొకటి దాటలేవు, ఇంజన్ మళ్లలేదు. లైను ఉన్నా ఒక్క బండి పోయి రావుడే.

---

హన్మకొండ_టీచరమ్మ · శనివారం రాత్రి 10:25

పెద్దాయన గారు చెప్పిన "సరిచేసుకోవచ్చు" అన్న మాటే అమెరికా అంతర్యుద్ధంలో సైన్యాలకు పెద్ద సమస్య అయింది. మొదట్లో పట్టా పీకి, స్లీపర్లను కుప్ప పోసి నిప్పు పెట్టి, దాని మీద పట్టాను కాల్చి వంచేవాళ్లు. వారం తిరక్కుండానే అవతలివాళ్లు దాన్ని మళ్లీ కాల్చి తిన్నగా కొట్టి వేసుకునేవాళ్లు. అందుకని ఉత్తరాది సైన్యపు రైల్వేలు చూసుకున్న హెర్మన్ హాప్ట్ అనే ఇంజనీరు పట్టాను వంచడం కాదు, మెలిపెట్టాలి అన్నాడు. వంగిన పట్టా సమ్మెటకు లొంగుతుంది. తడిబట్ట పిండినట్టు మెలిపడితే మళ్లీ రోలింగ్ మిల్లుకు పోవాల్సిందే. దానికి చిన్న ఇనుప కొక్కేలు తయారుచేయించాడు. 1864లో జనరల్ షెర్మన్ అట్లాంటా చుట్టూ, ఆ తర్వాత సముద్రం దాకా నడిచిన దారిలో ఈ పని పెద్ద ఎత్తున చేయించాడు. ఎర్రగా కాలిన పట్టాలను చెట్ల మానులకు చుట్టేవాళ్లు. వాటికి "షెర్మన్ నెక్‌టైలు" అని పేరు పడింది.

అదే షెర్మన్‌కు అదే సంవత్సరం అక్టోబరులో ఎదురుదెబ్బ తగిలింది. హుడ్ అనే దక్షిణాది జనరల్ వెనక నుంచి వచ్చి అతని సరఫరా లైనును ఎనిమిది మైళ్ల మేర పీకేశాడు. షెర్మన్ స్వయంగా రాసుకున్న లెక్క: 35,000 కొత్త స్లీపర్లు, ఆరు మైళ్ల పట్టా, పదివేల మంది. ఏడు రోజుల్లో లైను నిలబడింది. పట్టా పీకడం ఎంత సులువో ఆయనకు తెలుసు, వెయ్యడం కూడా ఎంత త్వరగా అవుతుందో తెలుసు. శత్రువు పట్టాలను మెలిపెట్టించమని అంత పట్టుబట్టింది అందుకే అనుకుంటాను.

---

జమ్మికుంట_సీను · శనివారం రాత్రి 10:31

టీచర్ గారూ, మా ఊళ్లె స్టేషన్ దగ్గరి పాత ఇండ్లల్ల దండెం గుంజలు, దొడ్డి గుంజలు అన్నీ పాత పట్టా ముక్కలే. మా ఇంట్ల కూడా ఒకటున్నది, తాత కాలం నాటిది. అవి ఎక్కడి నుంచి వచ్చినయో ఎన్నడూ ఆలోచన చెయ్యలే.

---

ఆవిరి_ఇంజన్ · ఆదివారం ఉదయం 6:05

అందరు పట్టాల గురించే మాట్లాడుతున్నరు. ఇంజన్ మాట ఒక్కరు ఎత్తలే. నేను ఫైర్‌మన్‌గ చేరి డ్రైవర్‌గ దిగిన. నన్నడిగితే ఆవిరి కాలంల రైలును ఆపేది నీళ్లు.

బొగ్గు లేకుంటే కట్టెలు వేసి నడిపినోళ్లు ఉన్నరు. నీళ్లు లేకుంటే అడుగు కదలదు. ఎండకాలంల గూడ్సు బండి గుంజుకుంట వస్తుంటే, బాయిలర్ నీళ్లు చూపెట్టే గేజు గ్లాసుల నీళ్ల గీత కిందికి దిగుతుంటే, గుండె కూడా దాని ఎంబడే దిగేది. ఎదురుంగ వాటర్ కాలమ్ కనబడ్డదంటే ప్రాణం లేచొచ్చేది. తోలు గొట్టం ఇంజన్ వెనకాల నీళ్లు, బొగ్గు మోసే టెండర్ల వేసి చక్రం తిప్పితే దబదబ పడేది నీళ్లు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది. ఇప్పుడు ఆలోచించున్రి, ఆ కాలమ్‌లు, పైన ట్యాంకు, నదికాడి పంపు అన్నీ కూలగొట్టి పోతే ఎట్లుంటది?

1941ల రష్యావాళ్లు చేసింది అదే. జర్మన్లు మీదికొస్తుంటే ఇంజన్లను, వ్యాగన్లను తూర్పుకు తోలుకపోయిన్రు. తోలలేనియి పాడు చేసిన్రు. నీళ్ల ట్యాంకులు పేల్చిన్రు. వాళ్ల గేజు, అంటే రెండు పట్టాల నడుమ దూరం, 1,524 మిల్లీమీటర్లు, జర్మన్లది 1,435. గేజు మార్చుడు కష్టమేమీ కాలే జర్మన్లకు. కట్టె స్లీపర్లు గదా, ఒక పట్టా మేకులు పీకి 89 మిల్లీమీటర్లు లోపలికి జరిపి మళ్ల కొట్టిన్రు. తీరా జర్మన్ ఇంజన్లు తెచ్చి నడిపితే అసలు తిప్పలు మొదలైనయి. రష్యా ఇంజన్లు పెద్దయి, ఒక్కసారి నీళ్లు పడితే శానా దూరం పోతయి. ఆ లెక్కకే ట్యాంకులు దూరం దూరం కట్టుకున్నరు. జర్మన్ ఇంజన్‌కు మధ్యల దాహం అయితది. పైగా దాని పైపులు బాయిలర్‌కు బయట ఉంటయి. ఆ చలికాలం వచ్చేసరికి పైపుల నీళ్లు గడ్డకట్టి పగిలినయి. మాస్కో దగ్గర సైనికులకు చలి బట్టలు అందలేదంటరు. బట్టలు లేక కాదు, వెనక పోలండ్ల వ్యాగన్లల్ల నిలబడి ఉన్నయి. గుంజే ఇంజన్ లేదు.

---

కడిపికొండ · ఆదివారం ఉదయం 7:40

కాకా, బాపుకు సదివి వినిపించిన. "ఆయన చెప్పింది ఆయన దిక్కు నుంచి నిజమే" అన్నడు. ఇద్దరు మాట్లాడుకుంటే బాగుండు.

---

పెద్దపల్లి_పాఠకుడు · ఆదివారం ఉదయం 9:15

నీళ్లు, పాయింట్లు అన్నీ సరే. నా ఉద్దేశంలో చివరికి అన్నిటికన్నా పెద్దది వంతెనే. మన గోదావరి వంతెననే తీసుకోండి. రామగుండం, మంచిర్యాల నడుమ అదొక్కటి లేకపోతే ఢిల్లీ బండ్లన్నీ ఎటు పోవాలి? కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయ్యేదాకా మద్రాసు నుంచి ఢిల్లీకి ఇటు తిన్నటి దారే లేదు. గ్యాంగు ఎంత కష్టపడ్డా నది మీద కంకర పోసి పట్టా వెయ్యలేరు కదా.

---

గోదావరి_గర్డర్ · ఆదివారం ఉదయం 11:02

వంతెనల డిజైన్‌లో పనిచేస్తాను, పుట్టిల్లు మంచిర్యాల. పాఠకుడు అన్న మాటకు ఒక సంగతి చెప్పాలి. కాలేజీలో ఉన్నప్పుడు చదివాను, ఇప్పటికీ తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది.

చైనాలో హాంగ్‌జౌ దగ్గర చియాన్‌టాంగ్ నది ఉంది. సముద్రపు పోటు గోడలా లేచి వస్తుంది, అడుగున లోతైన ఇసుక మేట. ఆ నది మీద వంతెన నిలవదనే అనుకునేవాళ్లు. మావో యిషెంగ్ అనే ఇంజనీరు కట్టి చూపించాడు. కింద రైలు, పైన రోడ్డు. పని నడుస్తుండగానే జపాన్ దండెత్తింది. బాంబులు పడుతున్నా ఆపకుండా కట్టారు. 1937 సెప్టెంబరు 26న మొదటి రైలు దాటింది.

నవంబరు మధ్యలో ఆయన దగ్గరికి సైన్యం మనుషులు వచ్చారు, వంతెన పేల్చడానికి సిద్ధం చెయ్యాలన్నారు. ఇట్లాంటి రోజు రావచ్చని ఆయన ముందే అనుకున్నాడు. కట్టేటప్పుడే ఒక పియర్‌లో, అంటే వంతెన స్తంభంలో, పేలుడు మందు పెట్టేందుకు ఖాళీ వదిలాడు. తన బిడ్డ పుట్టకముందే దానికి ఆయువు గీత గీసినట్టు. మందు పెట్టిన మర్నాడు, నవంబరు 17న, పై రోడ్డు తెరిచారు. లక్షమందికి పైగా దాటారని చెబుతారు. పిల్లల్ని ఎత్తుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని. కాళ్ల కింద పేలుడు మందు ఉందని వాళ్లకు తెలియదు. డిసెంబరు 23 సాయంత్రం, జపాన్ గుర్రపు దళం కనబడ్డాక పేల్చారు. రైలు మొదలై 89వ రోజు.

ఆయన డ్రాయింగులన్నీ పెట్టెల్లో సర్దుకుని యుద్ధం పొడుగునా ఊరూరా మోసుకు తిరిగాడు. యుద్ధం అయ్యాక అదే మనిషి వచ్చి అదే వంతెన బాగుచేశాడు. ఇప్పటికీ నడుస్తోంది.

ఏది తొందరగా నిలబెట్టొచ్చు అని అడిగితే ఇంజనీరుగా నా జవాబు: స్తంభాల మీద పరిచే ఉక్కు దూలం, అంటే గర్డర్, పడితే నెలలు, పియర్ పోతే సంవత్సరాలు. గర్డర్ తాత్కాలికంగా వేరేది తెచ్చి పెట్టొచ్చు. పియర్ అయితే మళ్లీ నది అడుగుకు పోయి, బావి దించి, మొదటి నుంచి రావాలి. ఆయన మందు పెట్టే చోటు పియర్‌లో ఎందుకు వదిలాడో వేరే చెప్పనక్కర్లేదు.

---

పట్టాల_పెద్దాయన · ఆదివారం ఉదయం 11:30

అమ్మా, చేతులెత్తి దండం పెట్టే మనిషి ఆయన. ఇంతకన్నా ఏం మాట్లాడను.

---

అడ్మిన్ · ఆదివారం ఉదయం 11:52

చర్చ చాలా బాగా సాగుతోంది. ఒక్క మనవి: చరిత్ర వరకే ఉందాం. ఎక్కడ ఎంత మందు, ఎట్లా పెడతారు అన్న వివరాలు వద్దు. అట్లాంటి ఒక పోస్టు తీసేశాను.

---

మెట్‌పల్లి_ఫౌజీ · ఆదివారం మధ్యాహ్నం 2:20

వంతెన పేల్చుట్ల టైము అన్నిటికన్నా ముఖ్యం. ఒక్క గంట ముందయితే మనోళ్లు అవతల చిక్కుతరు, ఒక్క గంట లేటయితే శత్రువు దాటి వస్తడు. రెండూ జరిగినయి.

బర్మాల సిట్టాంగ్ నది వంతెన. 1942 ఫిబ్రవరి 23, తెల్లవారుజాము ఐదున్నర. అది రైలు వంతెన, బండ్లు కూడా పోయేటట్టు మీద చెక్కలు పరిచిన్రు. బ్రిటిష్‌వాళ్ల 17వ ఇండియన్ డివిజన్ వెనక్కి వస్తున్నది. జపాన్ వాళ్లు వంతెన దాకా వచ్చిన్రనే భయంతోని పేల్చమని ఉత్తరువు ఇచ్చిన్రు. డివిజన్ల ఎక్కువ భాగం ఇంకా అవతలి ఒడ్డునే ఉన్నది. చప్పుడు విన్నంక వాళ్లకు అర్థమైంది. తుపాకులు పారేసి, వెదురు బొంగులు, ఖాళీ డబ్బాలు పట్టుకొని ఈదిన్రు. ఈత రానోళ్లు ఎందరు మునిగిన్రో. చివరికి లెక్క తేలితే మిగిలిన పదాతి సైనికులు సుమారు 3,500 మంది, వాళ్లల్ల సగం మంది చేతుల రైఫిల్ కూడ లేదు. రెండు వారాలకు రంగూన్ పోయింది. ఏప్రిల్ 30న ఇరావతి మీద ఆవా వంతెన రెండు స్పాన్లు, అంటే స్తంభాల నడుమ ముక్కలు, కూడ బ్రిటిష్‌వాళ్లే పేల్చుకొని ఇండియా దారి పట్టిన్రు. ఆ వంతెన మళ్ల నిలబడింది 1954ల.

రెండోది జర్మనీల, రైన్ నది మీద రెమాగెన్ రైలు వంతెన. 1945 మార్చి 7. మందు పేలింది గాని నాసిరకంది, వంతెన లేచి మళ్ల అట్లనే కూసున్నది. అమెరికా వాళ్లు దాటిన్రు. పది రోజులకు, మార్చి 17న, తనంతట తాను కూలింది. హిట్లర్ తన ఆఫీసర్లు నలుగురిని కాల్చి చంపించిండు.

సిట్టాంగ్ కాడ మన పోరగాళ్లే ఉన్నరు. బలూచీలు, డోగ్రాలు, గూర్ఖాలు, పంజాబీలు. వంతెన పేల్చిన సాపర్లు, అంటే ఫౌజు ఇంజనీరింగ్ దళం, కూడ మనోళ్లే. ఫౌజుల ఉన్నప్పుడు ఈ కథ చెప్పినాయన చెప్పి ఊరకే బయటకు పోయిండు, అందరం మౌనంగ కూసున్నం.

---

పెద్దపల్లి_పాఠకుడు · ఆదివారం మధ్యాహ్నం 3:05

వంతెన పోతే సైన్యం ఆగిపోతుందనే నా మాట 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో తప్పింది కదా ఫౌజీ అన్నా? భైరబ్ సంగతి మీరే చెప్పాలి.

---

మెట్‌పల్లి_ఫౌజీ · ఆదివారం మధ్యాహ్నం 3:40

అవును తమ్మీ. మేఘనా నది మీద ఆశుగంజ్, భైరబ్ బజార్ నడుమ రైలు వంతెన. డిసెంబరు 9న పాకిస్తాన్ సైన్యం వెనక్కి పోతూ దాన్ని పేల్చింది. ఢాకాకు ఇగ మనోళ్లు రాలేరని వాళ్ల ధీమా. లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ అదే రోజు నుంచి హెలికాప్టర్లు పెట్టి మనుషులను నది మీంచి దాటించిండు. వారంల ఢాకా లొంగింది. వంతెన పేల్చినోళ్లకు అది పనికిరాలే. యుద్ధం అయినంక ఆ ఊళ్ల జనాలకు, రైతులకు, వంతెన లేని కష్టం మిగిలింది.

---

కీమ్యాన్_కేసముద్రం · ఆదివారం రాత్రి 8:15

డ్యూటీ దిగి ఇప్పుడే సదివిన. యుద్ధం నేను చూడలే. లైను తెగుడు చూసిన.

2024 సెప్టెంబరు 1. ఇంటికన్నె, కేసముద్రం నడుమ. రాత్రంతా వాన. చెరువుల నీళ్లు కట్ట మీదికొచ్చి కంకరను, మట్టిని తీసుకపోయినయి. తెల్లారి చూస్తే పట్టాలు గాలిల వేలాడుతున్నయి. స్లీపర్లు పట్టాలను పట్టుకొని అట్లనే ఉన్నయి, తాటిచెట్టుకు కట్టిన నిచ్చెనను అడ్డంగ పండబెట్టినట్టు. కింద ఎర్రనీళ్లు ఉరుకుతున్నయి. నేను రోజు సుత్తె పట్టుకొని నడిచే జాగ అది. పట్టాను బిగబట్టే ఏ కీ ఎక్కడ వదులైతదో, ఏ జాయింట్ కాడ చప్పుడు వేరే వస్తదో నాకు ఎరుక. అక్కడ నిలబడే భూమే లేదు.

పెద్దాయన చెప్పిన మాట అక్కడ కండ్లార చూసిన. పని కొసల నుంచే చేయాలె, ఇక్కడ రెండు కొసలు ఉన్నయి అంతే. కంకర బండి వస్తది, పోస్తది, వెనక్కి పోతది, మళ్ల వస్తది. పట్టాలు మంచిగనే ఉన్నయి, స్లీపర్లు ఉన్నయి, అయినా పోయింది అన్నిటికన్నా అడుగున ఉన్న కట్ట. నాలుగో తారీఖుకు బండ్లు మెల్లగ పోనిచ్చినం. మొదటి బండి నడక వేగంతోని దాటుతుంటే మేమందరం పక్కకు జరిగి చక్రాలనే చూస్తున్నం. పట్టా కొంచెం కూసొని మళ్ల లేస్తున్నది. ఎవరూ మాట్లాడలే. చివరి బోగీ దాటినంక మా మేటు తలగుడ్డ తీసి మొఖం తుడుచుకున్నడు.

వాన తెలియక చేస్తది. మనిషి కొక్కెం తయారు చేసి మరీ చేస్తడంటే నాకు మనసుకు పడతలేదు.

---

కడిపికొండ · ఆదివారం రాత్రి 8:40

అన్నా, ఇది బాపుకు సదివిన. ఏమనలే. మీ నంబరు ఇమ్మంటున్నడు, మెసేజ్ పెట్టిన చూడున్రి.

---

హన్మకొండ_టీచరమ్మ · ఆదివారం రాత్రి 9:20

కేసముద్రం తమ్ముడి పోస్టు రెండుసార్లు చదివాను. నేను పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు పేల్చినవాళ్ల పేర్లు, జనరళ్ల పేర్లు చెబుతాను. మళ్లీ వేసినవాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉండవు. ఉన్నచోట చెప్పుకోవాలి. 1965 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దులో గడ్రా రోడ్ దగ్గర సెప్టెంబరు 9న పాకిస్తాన్ విమానాల దాడిలో 17 మంది రైల్వే ఉద్యోగులు చనిపోయారు. సైన్యానికి సామాను పోయే లైనును నడిపించడానికి పోయినవాళ్లు. అక్కడ స్మారకం ఉంది, ఏటా అదే రోజు రైల్వేవాళ్లు పోయి పూలు పెడతారు.

ఇక జమ్మికుంట సీను చెప్పిన పాత పట్టాల సంగతి. పట్టాలు పీకడం శత్రువు పనే కాదు. యుద్ధం వస్తే మన లైన్లనే మన ప్రభుత్వం పీకింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇనుముకు కరువొచ్చి బ్రిటిష్‌వాళ్లు ఇండియాలో కొన్ని బ్రాంచి లైన్లు ఎత్తేశారు. కేరళలో షోరనూర్–నిలంబూర్ లైను 1941లో పీకి, స్వాతంత్ర్యం వచ్చాక 1950లలో మళ్లీ వేశారు. హిమాచల్‌లో కాంగ్రా లోయలో నగ్రోటా నుంచి జోగిందర్‌నగర్ ముక్క 1942లో పోయింది, 1954లో తిరిగొచ్చింది. పన్నెండేళ్లు ఆ ఊళ్లు రైలు చూడలేదు. ఒక్క బాంబు పడలేదు అక్కడ.

జపాన్ వాళ్లు మలయాలో తూర్పు వైపు లైను పీకి ఆ పట్టాలను సయాం (ఇప్పటి థాయ్‌లాండ్)–బర్మా లైనుకు మోసుకుపోయారు. 415 కిలోమీటర్లు, 1943 అక్టోబరుకు పూర్తి చేయించారు. యుద్ధ ఖైదీలు పన్నెండు వేల మందికి పైగా చచ్చిపోయారు. వాళ్లకు సమాధులున్నాయి, పేర్లున్నాయి. ఆసియా కూలీలు తొంభై వేల దాకా చనిపోయారని అంచనా. అందులో మలయా రబ్బరు తోటల నుంచి తోలుకుపోయిన తమిళులు చాలామంది, మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లకు పేరు రాసిన రాయి లేదు. యుద్ధం అయ్యాక ఆ లైనులో బర్మా వైపుది మళ్లీ పీకేశారు. అంతమంది ప్రాణాలు పోసి వేసిన లైను పట్టుమని మూడేళ్లు కూడా పూర్తిగా నడవలేదు. నా మటుకు నాకు ఈ చర్చలో ఇదే అన్నిటికన్నా బరువైన సంగతి.

---

ఆవిరి_ఇంజన్ · ఆదివారం రాత్రి 9:45

అమ్మా, ఈ సంగతి నాకు తెల్వదు. మలయా పోయినోళ్లు ఎంతోమంది తిరిగి రాలేదని మాత్రం చిన్నప్పుడు పెద్దోళ్లు చెప్పుకుంటుంటే విన్న.

---

పెద్దపల్లి_పాఠకుడు · సోమవారం ఉదయం 8:10

పెద్దాయన గారూ, ఒక సందేహం. ఇప్పుడు మన లైన్లన్నీ కాంక్రీటు స్లీపర్లు కదా. ఆ నాగలి ఇప్పుడు పనిచేస్తుందా?

---

పట్టాల_పెద్దాయన · సోమవారం ఉదయం 10:35

కట్టె స్లీపర్ పుల్లలెక్క విరిగినట్టు ఇది విరగదు. లోపల బిగబట్టిన ఉక్కు తీగలుంటయి. కాంక్రీటు పగులుతది గాని తీగలు పట్టుకొనే ఉంటయి. ఆ కాలపు కొక్కెం, ఆ కాలపు ఇంజన్ దీనికి చాలవని నా అభిప్రాయం.

కాని ఇప్పటి లైనుకు వేరే బలహీనత ఉన్నది. కట్టె స్లీపర్‌ను ఇద్దరు మనుషులు మోసుకపోతరు. కాంక్రీటుది ఒక్కొక్కటి పావు టన్నుకు పైన, మిషన్ రావాలె. ఇంకోటి, ఇప్పుడు పట్టాలకు జాయింట్లు లేవు, కిలోమీటర్ల పొడుగున అతికినయే. ఎండకు పట్టా పెరగాలని చూస్తది, స్లీపర్లు, కంకర దాన్ని పెరగనియ్యవు. 60 కిలోల పట్టాలో ఒక్కో డిగ్రీ వేడికి దాదాపు 1.8 టన్నుల తోపు పుడతది. రామగుండం దిక్కు మే నెలల పట్టా మీద చెయ్యి పెట్టలేం. ముప్పై డిగ్రీలు పెరిగిందంటే యాభై టన్నులకు పైన బలం పట్టా లోపల బందీగ ఉన్నట్టు. అప్పుడు కంకర పక్కకు తీస్తే చాలు, లైను పామోలె మెలికలు తిరుగుతది. అందుకే ఎండపూట గ్యాంగును కంకర ముట్టనియ్యం. పాతకాలం లైను గాయం చేస్తే గాయమైన జాగలనే ఉండేది. ఇప్పటి లైను ఒక్క జాగల వదులైతే ఆ పక్కదాన్ని కూడ గుంజుతది.

జమ్మికుంట తమ్మీ, నీ దండెం గుంజ సంగతి మరిచిన. పట్టా నడుమ సన్నటి భాగం ఉంటది చూడు, దాని మీద మిల్లుల పట్టాను రోల్ చేసేటప్పుడే పడ్డ ఉబ్బెత్తు అక్షరాలుంటయి. చేసిన కంపెనీ, గజానికి ఎన్ని పౌండ్లు, నెల, సంవత్సరం. మీ లైను వేసినప్పటిదా, ఎక్కడి నుంచో పీకి తెచ్చిందా, ఆ అక్షరాలు చెప్తయి. రంగు గీకి, సున్నం రాసి, తడిబట్టతోని పైపైన తుడువు. గుంతలల్ల సున్నం నిలుస్తది, అక్షరం లేచి కనబడతది. రాత్రిపూట పక్క నుంచి టార్చి కొడితే ఇంకా మంచిది.

---

జమ్మికుంట_సీను · సోమవారం రాత్రి 9:30

చేసిన సార్. బట్టలు తీసి, దండెం విప్పి, ఇసుక కాగితంతోని గీకిన. నాలుగు పొరల రంగు ఉన్నది. ఆకుపచ్చ, కింద నీలం, దాని కింద ఎర్రమట్టి రంగు, అడుగున నల్లటి తారు. అమ్మ టార్చి పట్టుకున్నది.

ఇంగ్లీషు అక్షరాలు "టిస్కో" అని తేటగ ఉన్నయి. అంటే మన జంషెడ్‌పూర్‌ల చేసిందే గదా? దాని పక్కన 19, తర్వాత అంకె సగం ఉన్నది, 2 కావచ్చు 3 కావచ్చు. చివరిది తుప్పు తినేసింది. భూమిలకు దగ్గర రెండు బోల్టు బొక్కలు కనబడ్డయి. ఒకటి గుండ్రంగ లేదు, కోడిగుడ్డు తీరుగ సాగి ఉన్నది.

---

పట్టాల_పెద్దాయన · సోమవారం రాత్రి 9:41

టిస్కో అంటే జంషెడ్‌పూరే. ఆ సాగిన బొక్క ఫిష్ ప్లేట్, అంటే రెండు పట్టాలను కలిపే ఇనుప పలక, బోల్టుది తమ్మీ. బండ్లు మీదికెల్లి పోయీ పోయీ బోల్టు గుద్దుకొని అట్ల సాగుతది. అంటే అది కొత్తగ కోసి పాతిన ముక్క కాదు, ఏండ్లకేండ్లు బండ్లు మోసిన పట్టా. ఆ సగం అంకెను ఇంకోసారి చూడు. పైభాగం గుండ్రంగ ఉన్నదా, గీత తిన్నగ ఉన్నదా?

---

జమ్మికుంట_సీను · సోమవారం రాత్రి 9:58

ఇప్పుడు సరిగ కనబడతలేదు సార్. పొద్దున వెలుతురుల మళ్ల సున్నం రాసి ఫొటో తీసి పెడత. దండెం అప్పటిదాక కట్టద్దని అమ్మకు చెప్పిన.